పైట మారిన పతకం

లింగమూర్తికి భయం కొత్త కాదు. లిఫ్టంటే భయం, కుక్కంటే భయం, తన తప్పేమీ లేకపోయినా పోలీసు జీపు పక్కన ఆగితే భయం. నోరు తెరిస్తే చాలు, గొంతు ముందు తను వణికి, ఆ తర్వాతే మాటని బయటికి పంపిస్తుంది. ఇలాంటి పిరికిమనిషి డిటెక్టివ్ ఎలా అయ్యాడయ్యా అంటే, మ్యూజియంలో నాణేల విభాగంలో ఇరవై ఏళ్ళు పనిచేసి, దొంగ నాణేలు పట్టుకోవడంలో పేరు తెచ్చుకుని, ఆ పేరుతోనే మణికొండలో చిన్న ఆఫీసు తెరిచాడు. "భయపడేవాడికే అన్నీ కనపడతాయండీ, ధైర్యవంతుడు చూసుకోకుండా నడిచిపోతాడు" అని తన పిరికితనాన్ని తనే వెనకేసుకొస్తుంటాడు.

ఆ రోజు మాత్రం ఆయన్ని చూసి నవ్వడానికి లేదు. భయపడాల్సిన వస్తువు అరచేతిలోనే ఉంది.

అది వెండి పతకం. మాదాపూర్‌లో త్రిఛత్ర టెక్నాలజీస్ అనే కంపెనీ వాళ్ళు కిందటేడు తమ పాతికేళ్ళ పండగకి కొట్టించింది. ఒకే గొడుగు కింద ముగ్గురు స్త్రీలు. ఒకామె చేతిలో దీపం, అది జ్ఞానం. నడిమి ఆమె చేతిలో కవ్వం, అది శ్రమ. మూడో ఆమె చేతిలో పూర్ణకుంభం, అది సంపద. అంచు చుట్టూ 'ఒకే నీడన పాతికేళ్ళు' అని అక్షరాలు. బొమ్మలు ఆడవాళ్ళవే అయినా అవి ఎవరిని చూపిస్తున్నాయో ఆ కంపెనీలో నిన్న చేరిన పిల్లలకి కూడా తెలుసు. మొదటి ప్రోగ్రాం రాసిన రంగనాథ్ దీపం. పగలనకా రాత్రనకా ఆఫీసుని నిలబెట్టిన పద్మావతి కవ్వం. వ్యాపారం పట్టుకొచ్చిన మధుసూదన్ కుంభం. ముగ్గురూ కలిసి పెట్టిన కంపెనీ అది.

రెండు వారాల కిందట రంగనాథ్‌కి ఇదే పతకం కొరియర్‌లో వచ్చింది. అందులో దీపం తలకిందులుగా ఉంది. కుర్రాళ్ళెవరో వేళాకోళం చేశారనుకుని అందరికీ చూపించి నవ్వాడాయన. మూడోనాడు పొద్దున వాకింగ్‌కని బయల్దేరి, మణికొండలో తన అపార్ట్‌మెంట్ ఎనిమిదో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి ఉంటే లోపలికి అడుగేశాడు. లిఫ్టు అక్కడ లేదు. తలకిందులుగా పడి చనిపోయాడు.

ఇప్పుడు లింగమూర్తి చేతిలో ఉన్నది పద్మావతికి వచ్చింది. ఇందులో దీపం సరిగానే ఉంది, కుంభమూ సరిగానే ఉంది. నడిమి ఆమె కవ్వానికి చుట్టి ఉండాల్సిన తాడు ఆమె మెడకి చుట్టి ఉంది.

"చదవండి మూర్తిగారూ," అంది పద్మావతి. యాభై దాటిన మనిషి, త్రిఛత్ర ఆఫీసు పదకొండో అంతస్తులో తన గదిలో తలుపేసుకుని కూర్చుంది. చేతిలో టీ కప్పు ఉంది, తాగడం లేదు. "నాణేల మీద బొమ్మలు మీరు పుస్తకంలా చదువుతారట కదా. ఇదేం చెబుతోందో నాకూ తెలుసులెండి. మీ నోటితో వినాలని."

లింగమూర్తి భూతద్దం తీశాడు. పతకాన్ని దాని కిందికి తెచ్చి అంచు నుంచి నడిమి దాకా చూశాడు.

"ఇది కొత్తగా కొట్టించింది కాదమ్మా. మీరు పంచిన పతకాల్లోదే ఒకటి తీసుకుని, నడిమి బొమ్మని గీకి చదును చేసి, ఆ చోటే సన్నటి ఉలితో కొత్త బొమ్మ చెక్కారు. చుట్టూ అక్షరాలు, పక్కనున్న ఇద్దరూ పాతవే. చూడండి, వాళ్ళిద్దరూ ఉబ్బెత్తుగా పైకి ఉన్నారు. ఈమె ఒక్కతే లోపలికి దిగి ఉంది."

"లోపలికంటే?"

"గొయ్యి..." అని నాలుక్కరుచుకున్నాడు లింగమూర్తి.

పద్మావతి కప్పు కింద పెట్టేసింది. వేలితో ఆ బొమ్మ భుజాన్ని చూపించి, "పైట చూశారా?" అంది.

"పైటా?"

"కుడి భుజం మీద వేశాడండీ. ఆ పక్కన ఇద్దరికీ ఎడమ భుజం మీదే ఉంది. మనవాళ్ళెవరైనా పైట అలా వేసుకుంటారా? రోజూ చీర కట్టుకునేదాన్ని, చూడగానే కంట్లో నలుసులా పడింది."

నాణేల మీద ఇరవై ఏళ్ళు బతికిన మనిషి ఆ మాటకి సిగ్గుపడ్డాడు. నిజమే. పైట కుడి వైపుకి మారింది. ఆ మార్పు అర్థం తనకి తెలుసని ఆయనకి మరుక్షణమే అనిపించింది. అప్పటికప్పుడు ఆమెకి చెప్పే ధైర్యం లేక మాట మార్చాడు.

"ఎప్పుడొచ్చిందమ్మా ఇది?"

"తొమ్మిదిన్నరకి. పంపినవాళ్ళ పేరు లేదు. మాదాపూర్‌లోనే బుక్ చేశారు."

"మీరూ రంగనాథ్‌గారూ లేకపోతే ఎవరికి లాభం?"

"ఎవరికని చెప్పనండీ! బయటి కంపెనీవాళ్ళు మా కంపెనీని కొంటామని ఏడాదిగా తిరుగుతున్నారు. ముగ్గురం ఒప్పుకుంటేనే అమ్మాలని మొదట్లోనే రాసుకున్నాం. నేనూ రంగనాథ్ వద్దన్నాం. మధు అమ్మేద్దామన్నాడు. కానీ మధు సంగతి వేరు, పాపం, వాడికీ వచ్చిందిగా పతకం."

లింగమూర్తి ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడు?"

"ఈ ఉదయమే. నాకు వచ్చిన పది నిమిషాలకి. వెళ్ళి చూడండి, మనిషి ఎంత హడలిపోయాడో."

మధుసూదన్ గది అదే అంతస్తులో, వరండా చివర. ఈ ఆఫీసుల్లో గోడలుండవు కదా, అన్నీ అద్దాలే. లింగమూర్తి వెళ్ళేసరికి లోపల ఆయన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఈయన్ని చూసి వేలు ఎత్తి ఆగమన్నట్టు సైగ చేసి, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని, అద్దాల గోడ దగ్గరికొచ్చి మార్కర్‌తో గబగబా రాశాడు. 'రెండు నిమిషాలు. కూర్చోండి సారూ.' అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. లింగమూర్తి వరండాలోంచి అది చదువుకుని సోఫాలో కూలబడ్డాడు. కూర్చోమని రాయకపోయినా కూర్చునేవాడే.

ఫోన్ పెట్టేశాక మధుసూదన్ తలుపు తీశాడు. కడప జిల్లా మనిషి, భారీ విగ్రహం, తెల్ల చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది.

"రాండి సారూ. ఏంది, అట్లా చెమటలు పడుతుండాయి మీకు? పతకం మాకొచ్చింది గానీ మీకు రాలేదు గదా."

"అ... అలవాటండీ," అన్నాడు లింగమూర్తి.

"గొంతు గూడా వణుకుతాండాదే! డిటెక్టివ్‌వి నువ్వే ఇట్లుంటే మాకెవురు ధైర్యం చెప్తారు సామీ?" అని అద్దం మీది రాత గుడ్డతో తుడిచేసి, బల్ల సొరుగులోంచి తన పతకం తీసి ఇచ్చాడు. అందులో కుంభం ఒలికిపోయి ఉంది. కుంభం పట్టుకున్న ఆమె లోపలికి దిగి ఉంది. పైట కుడి భుజం మీదే.

"రంగనాథ్‌గారు పోయిన ఉదయం మీరెక్కడున్నారు?"

"బాచుపల్లిలో, మా ఇంట్లో. పొద్దున ఆరుకి మా యమ్మ ఓబులమ్మకి కాఫీ ఇచ్చేది నేనే. అడగండి కావాలంటే." ఆయన చిన్నగా నవ్వి వెంటనే మొహం దించుకున్నాడు. "నేను అమ్మేద్దామన్న మాట నిజమే సారూ. దాచేదేముంది? ఇప్పుడు రంగడే పోయినాక, అమ్మితే ఏంది, అమ్మకపోతే ఏంది."

"మీకు ఎవరిమీదైనా అనుమానం?"

"ఈ బొమ్మలు గీసినోడు గిరీష్. మిగిలిపోయిన పతకాలు వాడి దగ్గరే ఉంటాయి. వాడు ఉండేది గూడా రంగడి అపార్ట్‌మెంట్‌లోనే, నాలుగో అంతస్తు. నేను ఎవుర్నీ అనడంల్యా. ఉన్న మాట చెప్తాండా."

ఆ ఉన్న మాటే పోలీసులకీ నచ్చినట్టుంది. లింగమూర్తి పద్మావతి గదికి తిరిగి వచ్చేసరికి, సీఐ ఓదెలు అక్కడ కుర్చీ మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. పక్కనే కానిస్టేబుల్ చేతిలో మణికట్టు ఇరుక్కుని, ముప్పై ఏళ్ళ గిరీష్ ఏడవడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"ఏంది మూర్తి సార్, ఇంకా బొమ్మలు చూస్కుంటనే ఉన్నరా?" అన్నాడు ఓదెలు. "నేనైతే మనిషిని పట్టిన. డిజైన్ వీనిది. పతకాలు వీని బీరువాల ఉన్నయ్, లెక్కలకెల్లి మూడు తక్కువైనయ్. రంగనాథ్ సార్ బిల్డింగులనే కిరాయికుంటుండు. లిఫ్టు తలుపు తాళంచెవి ఎవడన్న కొనుక్కోవచ్చు. ఇంకేం గావాలె?"

"సార్, నేను స్క్రీన్ మీద గీస్తాను సార్," అన్నాడు గిరీష్. "ఉలి పట్టడం కూడా రాదు నాకు. బీరువా తాళం అందరి కళ్ళెదుటే రిసెప్షన్‌లో వేలాడుతుంటుంది."

లింగమూర్తి అతని దగ్గరికి వెళ్ళాడు. "నువ్వు గీసినప్పుడు పైట ఎటు వేశావు బాబూ?"

"ఎడమ భుజం మీదే సార్. మా అమ్మ ఫోటో చూసి గీశా."

"పైటల కథ ఏంది నడుమ?" విసుక్కున్నాడు ఓదెలు.

అంతలో మధుసూదన్ కూడా లోపలికి వచ్చాడు. ఇక దాచి లాభం లేదని లింగమూర్తి బల్ల మీద మూడు పతకాలూ వరసగా పెట్టాడు. రంగనాథ్‌ది ఓదెలు జేబులోంచి తీసిచ్చాడు. దీపం తలకిందులైన ఆ బొమ్మలోనూ పైట కుడి వైపే.

"మూడింటిలోనూ మారిందండీ. పొరపాటైతే ఒకసారి జరుగుతుంది," అన్నాడు లింగమూర్తి. "పితృకార్యం చేసేటప్పుడు జంధ్యం ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మారుస్తారు. అపసవ్యం అంటారు దాన్ని. చనిపోయినవాళ్ళ కోసం చేసే పని అని దానికి గుర్తు. ఇక్కడ పైట అలా మారింది. అంటే చెక్కినవాడి మనసులో ఈ మనుషులు ముందే పోయారు. వాడు బెదిరించడం లేదండీ. కర్మ చేస్తున్నాడు."

పద్మావతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఓదెలు మాత్రం పకపకా నవ్వాడు. "నీ పాండిత్యం పాడుగాను! చేతగానోడెవడో ఉల్టా చెక్కిండు. దానికి గింత పురాణమా? ఆడామెను గిట్ల పరేషాన్ చేస్తరా ఎవరన్న?"

"చేతకానోడా?" అన్నాడు మధుసూదన్. చటుక్కున అన్నాడు. రంగనాథ్ పతకాన్ని అంచులు పట్టుకుని ఎత్తి వెలుతురుకి వంచాడు. "ఆ గీత చూడండి సామీ. యాడా వణకలేదు." అని వెంటనే దాన్ని బల్ల మీద పెట్టేశాడు. "చేతకానోడు గాదు. అదీ భయం. ఎవుడో గట్టోడే చేసినాడు."

ఆ మాటతో లింగమూర్తి భయం రెట్టింపైంది. ఒక్కడైనా తన మాట నమ్మినందుకు మధుసూదన్ మీద ఆయనకి కృతజ్ఞత కూడా కలిగింది, అదీ చెప్పాలి.

"అమ్మగారు ఈ బిల్డింగ్‌లో ఒక్క నిమిషం కూడా ఉండకూడదు," అన్నాడు. "వాళ్ళ ఇంటికీ వెళ్ళకూడదు. ఆ ఇల్లు అందరికీ తెలుసు."

"మా ఇంటికి తీసకపోతా," అన్నాడు మధుసూదన్. "బాచుపల్లి. మా యమ్మ ఉంది, పనోళ్ళుండారు, గేటు దగ్గర మనుషులుండారు. ఇద్దరికీ ఒకటే గండం గదా, ఒకచోటే ఉంటాం."

"మంచి ఆలోచన," అన్నాడు లింగమూర్తి. అన్నది ఆయనే. ఈ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చి తనని తను తిట్టుకున్నాడో ఆయనకే తెలుసు.

పద్మావతి హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచింది. ఓదెలు చెయ్యి చాపాడు. "మేడం, ఫోన్ ఇడిసి పోవాలె. కొరియరోని మెసేజ్‌లు, కాల్‌లు చూడాలె మేం."

"ఫోన్ లేకుండా పంపిస్తే ఎలాగండీ?" అన్నాడు లింగమూర్తి.

"మధుసూదన్ సార్ పక్కనే ఉన్నడు గద. ఆయన ఫోన్‌కు చేస్తం. ఫికర్ ఎందుకు?" ఓదెలు ఆమె ఫోన్ జేబులో వేసుకున్నాడు. "అయినా దొంగ నా చేతిలనే ఉన్నడాయె. మీరిద్దరు కలిసి భయపడుడు తప్ప చేసేదేమున్నది?"

ఒంటి గంటకి మధుసూదన్ కారు కిందనుంచి బయల్దేరింది. లింగమూర్తి కిటికీలోంచి అది మలుపు తిరిగేదాకా చూసి, ఊపిరి పీల్చుకున్నాడు.

ఇక మిగిలింది పతకాల గది. ఆ కంపెనీ పాతికేళ్ళ వస్తువులన్నీ అద్దాల పెట్టెల్లో పెట్టిన చిన్న గది అది. మూడు పతకాలు మాయమైన బీరువా కూడా అక్కడే ఉంది. ఓదెలు గిరీష్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. బీరువా తీయించి పతకాలు మళ్ళీ లెక్కపెట్టిస్తున్నాడు. లింగమూర్తి తన పద్ధతిలో తను ఒక్కో అద్దాల పెట్టె మీదా వంగుకుంటూ వెళ్ళాడు. మొదటి ఆఫీసు బోర్డు. మొదటి కంప్యూటరు. ముగ్గురూ భుజాల మీద చేతులేసుకున్న ఫోటో. చివరి పెట్టెలో ఎర్ర మఖమల్ గుడ్డ మీద, పిడికిలంత ఉక్కు దిమ్మె.

"ఇదేంటి బాబూ?"

"పతకం అచ్చు సార్," అన్నాడు గిరీష్ అక్కడినుంచే. "దీంతోనే వెండి బిళ్ళల మీద కొట్టారు. పని అయ్యాక గుర్తుగా ఇక్కడ పెట్టాం."

లింగమూర్తి అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. అదే గొడుగు. అదే ముగ్గురు. అయితే అచ్చు కదా, బొమ్మలు పైకి ఉబ్బి లేవు, ఉక్కులోకి లోతుగా దిగి ఉన్నాయి. అంచున అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ముగ్గురు ఆడవాళ్ళ పైటలూ...

కుడి భుజం మీద.

లింగమూర్తి జేబులోంచి పద్మావతి పతకం తీసి ఆ అద్దం మీద పెట్టాడు. అచ్చులో నడిమి ఆమె. పతకంలో నడిమి ఆమె. ఇద్దరూ లోపలికి దిగినవాళ్ళే. ఇద్దరికీ పైట ఒకే వైపు.

"అయ్యో," అన్నాడు. "అయ్యయ్యో. నేనెంత వెర్రివాణ్ణి!"

"ఏమైంది మళ్ళ?" అన్నాడు ఓదెలు.

"సార్, మీరు నవ్వుతూ అన్నదే నిజం. ఉల్టా. అంతే. అది అపసవ్యమూ కాదు, కర్మా కాదు. నేనే లేని అర్థం తీశాను. అచ్చులు కోసేవాళ్ళు ఏ బొమ్మైనా తిరగేసే చెక్కుతారు, అప్పుడే కొట్టాక సరిగ్గా పడుతుంది. చిన్నప్పటినుంచీ అదే పని చేసిన చెయ్యి ఇక సరిగ్గా చెక్కలేదు. ఉలి పట్టగానే బొమ్మ తిరగబడిపోతుంది, గుంటగా దిగిపోతుంది. తాడు చెక్కాలనీ, దీపం పడెయ్యాలనీ వాడికి గుర్తుంది. పైట సంగతి వాడు ఆలోచించనే లేదు. అది చేతి అలవాటు."

ఓదెలు నవ్వడం మానేశాడు. పోలీసు పనిలో పదిహేనేళ్ళున్న మనిషి, తెలివితక్కువవాడు కాదు. "అంటే అచ్చులు కోసేటోడు. మన దగ్గరున్న వాళ్ళల్ల ఎవనికి వస్తదది? ఈనికా?"

"నాకు రాదు సార్!" అన్నాడు గిరీష్. "మా పనిలో మేం సరిగ్గానే గీస్తాం, మెషీనే తిప్పుకుంటుంది. ఈ అచ్చు కూడా మెషీన్ మీదే కోశారు. కాకపోతే గొడుగు అంచు సరిగ్గా రాలేదని సార్ వర్క్‌షాప్‌కొచ్చి తనే ఉలి తీసుకుని..."

"ఏ సారు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

గిరీష్ జవాబు చెప్పేలోపే లింగమూర్తికి తెలిసిపోయింది. ఆయన కళ్ళ ముందు అద్దాల గోడ కనిపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు కనిపించాయి. 'రెండు నిమిషాలు. కూర్చోండి సారూ.' తను వరండాలో ఉన్నాడు. రాసినవాడు లోపల ఉన్నాడు. లోపలి నుంచి రాసిన రాత బయటివాడికి తిన్నగా కనపడిందంటే, రాసినవాడు ప్రతి అక్షరాన్నీ తిరగేసి రాశాడు. ఆగకుండా, ఆలోచించకుండా, ఫోన్ మాట్లాడుతూ. తను హాయిగా చదువుకుని కూర్చున్నాడు. సరిగ్గా కనపడింది కాబట్టే అందులో తప్పు కనపడలేదు.

"మధుసూదన్ సార్," అంటున్నాడు గిరీష్. "వాళ్ళది ప్రొద్దుటూరు సార్. కాసులపేర్లకి లక్ష్మీకాసుల అచ్చులు కోసే ఇల్లట. పదేళ్ళ వయసు నుంచే వాళ్ళ నాన్న పక్కన కూర్చుని కోసేవాణ్ణని ఆ రోజు వర్క్‌షాప్‌లో అందరికీ చెప్పుకుని మురిసిపోయారు. నన్నెవరూ అడగలేదు సార్. నేనూ అనుకోలేదు."

లింగమూర్తి పై ప్రాణాలు పైనే పోయాయి. 'యాడా వణకలేదు.' తన పనిని ఎవరో చేతకానితనమంటే తట్టుకోలేక మధుసూదన్ అన్న మాట అది. తన పతకం తనే చెక్కుకుని, తనే భయపడ్డట్టు నటించాడు. ఆరుకి అమ్మకి కాఫీ ఇచ్చానన్న మాట నిజమో కాదో ఎవరూ అడిగి చూడలేదు. లింగమూర్తి ఆ మనిషిని నమ్మి, మంచి ఆలోచన అని మెచ్చుకుని, పద్మావతిని ఆయన కారెక్కించాడు. ఆమె ఫోన్ ఓదెలు జేబులో ఉంది.

"ఇంటికి ఫోన్ చేయండి సార్, బాచుపల్లికి," అన్నాడు.

పాతికేళ్ళ పండగకి పిలవడానికి తీసుకున్న ఓబులమ్మ నంబరు గిరీష్ ఫోన్‌లో ఉంది. స్పీకర్‌లో పెట్టారు. ముసలావిడ తాపీగా పలికింది. "మధూనా? యాడ నాయనా, రాలేదే. వస్తా అని గూడా చెప్పలేదు. పొద్దున అన్నం గూడా వద్దని పోయినాడు."

టైము రెండున్నర దాటింది. బయల్దేరి గంటన్నర. బాచుపల్లికి అంతసేపు పట్టదు.

ఓదెలు మొహంలో రక్తం లేదు. వైర్‌లెస్‌లో గబగబా ఏదో చెప్పి, లింగమూర్తి రెండు భుజాలూ పట్టుకున్నాడు. "ఇగ ఇను. ఆయనకు ఫోన్ జెయ్యి. దొంగ దొరికిండని చెప్పు. మాటల్ల పెట్టు. నేను ఆ ఫోన్ యాడున్నదో పట్టిస్త, బండ్లు పంపిస్త. నీ గొంతు మాత్రం వణకొద్దు. నువ్వు వణికినవనుకో, ఆనికి తెల్సిపోతది, ఆమె పానం పోతది. జర గట్టిగుండు అన్నా, నీ కాల్మొక్త."

ఆ పొగరుబోతు మనిషి అన్నా అన్నాడంటే పరిస్థితి ఏమిటో లింగమూర్తికి అర్థమైంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కొరుక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని చేశాడు. భయాన్ని మొత్తం ఉండచుట్టి కడుపులోకి నెట్టేసి, స్పీకర్ పెట్టి నంబరు నొక్కాడు.

మూడోసారి మోగాక ఎత్తాడు. "చెప్పండి సారూ."

"మధుసూదన్‌గారూ, లింగమూర్తిని. ఇల్లు చేరారా అండీ?" గొంతు నున్నగా వచ్చింది. రేడియోలో వార్తలు చదివేవాడి గొంతులా వచ్చింది. ఓదెలు భేష్ అన్నట్టు తలూపాడు.

"యాడ సారూ! దోవలో చిన్న పని చూసుకోని వస్తాంటే, బాచుపల్లి అవతల కొత్త వెంచర్ రోడ్డులో బండి మొరాయించింది. వెనకొచ్చే బండికి చెప్పి లాగిద్దామని డిక్కీలోంచి తాడు తీస్తాండా."

ఓదెలు గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. లింగమూర్తి చెయ్యి ఫోన్‌ని పిండేస్తోంది. గొంతు మాత్రం కదల్లేదు.

"అలాగా. మంచి కబురు చెబుదామని చేశానండీ. గిరీష్ ఒప్పుకున్నాడు. అమ్మగారికి ఒకసారి ఇస్తారా? నా నోటితో చెబుతాను."

ఫోన్ చేతులు మారింది. "మూర్తిగారూ! ఒప్పుకున్నాడా? అమ్మయ్య," అంది పద్మావతి. ఏడుపూ నవ్వూ కలిసి ఉన్నాయి ఆ మాటలో. "గిరీష్ అంటే నమ్మబుద్ధి కావడం లేదండీ."

"అవునమ్మా. మీరెక్కడున్నారు, కార్లోనేనా? చుట్టుపక్కల ఇళ్ళేమైనా ఉన్నాయా?"

"ఏం లేవండీ. అన్నీ ప్లాట్లే, హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. ఎండగా ఉందని నేను కార్లోనే కూర్చున్నా."

"మంచిది. దిగకండి. తలుపులు లాక్..."

"సారూ." మధుసూదన్ ఫోన్ లాక్కున్నాడు. గాలి చప్పుడు, కంకర మీద చెప్పుల చప్పుడు వినిపించాయి. ఆయన కారుకి దూరంగా నడుస్తున్నాడు.

"వింటున్నానండీ, చెప్పండి," అన్నాడు లింగమూర్తి.

"పొద్దున నాతో మాట్లాడినప్పుడు మీ గొంతు ఎట్లుండె సారూ? చలిజ్వరం వచ్చినోడి మాదిరి ఉండె. ఇప్పుడేమో దొంగ దొరికినాడంటాండారు."

"అందుకేనండీ. భయం పోయింది."

"భయం పోతే మనిషి నవ్వుతాడు. మీరు నవ్వలేదు." మధుసూదన్ గొంతు చాలా నెమ్మదిగా ఉంది, ఒక పనిని వెలుతురుకి వంచి చూసుకుంటున్నవాడిలా. "ఏం సారూ, యాడా వణకలేదే?"

లింగమూర్తి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఫోన్‌లో చెప్పుల చప్పుడు వెనక్కి, కారు వైపుకి తిరిగింది. దూరంగా పద్మావతి గొంతు వినిపించింది. "మధూ, తాడంటున్నావు గానీ, మన వెనక బండేదీ రావడం లేదు కదా?"

ఫోన్ కట్టయింది.